మంగళవారం షరతు

హార్లింగెన్ రేవులో సముద్రం
రోజుకు రెండుసార్లు మాట మారుస్తుంది.
చంద్రుడు లాగుతాడు, సూర్యుడు తన వాటా అడుగుతాడు,
అడుగున ఇసుక మెట్టలు ఎవరికీ చెప్పకుండా చోటు మారతాయి.
పున్నమి పోటు పున్నమి నాడు రాదు,
రెండు రోజులాగి వస్తుంది,
పెళ్లికి పిలిస్తే పదహారు రోజుల పండక్కి దిగిన చుట్టంలా.

ఈ నీళ్లను చూసి లాకు తలుపులు
ఎప్పుడు తెరవాలో చెప్పే ప్రోగ్రాము మాది.
నా బల్లకు ఎదురుబల్ల వీబ్రిగ్‌ది.
ఆ ఉదయం తడిసిన బూట్లు రేడియేటర్ పక్కన విడిచి
నలభై వేల వరుసల్లోకి దిగింది,
ఎవరో వేసిన పీటముడిని
గోళ్లతో విప్పడానికి కూర్చున్నట్టు.

మొదట దొరికింది మంగళవారం.
"మంగళవారమైతే పన్నెండు నిమిషాలు కలుపు."
దాని కింద ఊనె రాసిన ముక్క:
"తీయొద్దు. ఎందుకో నాకూ తెలీదు."
ఊనె మానేసి వెళ్లి తొమ్మిదేళ్లు.
ఇప్పుడు తేనెటీగలు పెంచుతున్నాడట.

రెండోది ఇంకా వికారంగా ఉంది:
"వాయవ్యపు గాలి ఆరు గంటలు దాటితే
నలభై నిమిషాలు తీసెయ్."
ఎక్కడిదీ నలభై? సూత్రం లేదు, పేరు లేదు,
కొత్త గోడలో తుప్పు మేకులా పొడుచుకొచ్చింది.

రెంటినీ చెరిపేసి, నడుం విరుచుకుని
తను కట్టిన పొర చూపించింది నాకు.
ప్రపంచంలో ఏ రేవుకైనా, ఏ చంద్రుడికైనా
సరిపోయే పదకొండు ఫైళ్లు.
ఒకటి ఇంకొకదాన్ని పిలుస్తుంది, అది మరొకదాన్ని,
అందరినీ అడిగి అడిగి చివరిది
హార్లింగెన్ అని చెబుతుంది.
అందంగానే ఉంది. నేనూ తలూపాను.

మధ్యాహ్నం త్యాలింగ్ వచ్చాడు.
ముప్పై ఏళ్లు లాకు కాసి రిటైరైనవాడు,
కాఫీ కోసమే వస్తానంటాడు.
మంగళవారం మాటెత్తగానే పగలబడి నవ్వాడు.
"ఇసుక తోడే పడవ మంగళవారం వచ్చేది.
అడ్డం తిరగడానికి పన్నెండు నిమిషాలు తినేది.
దాన్ని తుక్కు కింద అమ్మేసి ఎన్నేళ్లయిందో!"

మరి వాయవ్యపు గాలి?

నవ్వు ఆగింది.
కప్పు పక్కన పెట్టి, అరచేయి బల్లమీద ఆనించి
మెల్లగా కిటికీ వైపు తోశాడు.
"నీళ్లను ఇలా తోస్తుంది. గట్టుకు కుప్ప పోస్తుంది.
పోటు ముందే వచ్చేస్తుంది.
ఆ నలభై నాది.
పద్నాలుగు చలికాలాలు గడియారం పట్టుకు నిలబడితే వచ్చింది."

వీబ్రిగ్ ఏమీ అనలేదు.
చెరిపిన వరుసను తిరిగి తెచ్చి
దానికి పేరు పెట్టింది: వాయవ్యపు కుప్ప.
తర్వాత చాలాసేపు
తన పదకొండు ఫైళ్లనే చూస్తూ ఉండిపోయింది.
మాకున్నది ఒకటే రేవు.
ఒకటే చంద్రుడు.

ఐదింటికి ఈత క్లాసు నుంచి ఆమె కూతురు వచ్చింది,
యిల్దౌ, తడి జుట్టు, క్లోరిన్ వాసన.
దువ్వెన చూడగానే పిల్ల కెవ్వుమంది.
జడకు మూడు పాయలు కావాలి,
చిక్కుకు ఒక్క వెంట్రుక చాలు.
ఈ మాట వీబ్రిగ్ అనలేదు, నాకు తోచింది,
తోచినందుకు కాస్త మురిశాను కూడా.
ఆమె మాత్రం కొసల నుంచి మొదలుపెట్టింది.
పైనుంచి లాగితే ముడి బిగుస్తుందని
తల్లులకు తెలుసు,
ప్రోగ్రామర్లకు ఆలస్యంగా తెలుస్తుంది.

ఆ రాత్రి మంగళవారం పోయింది.
పదకొండింటిలో తొమ్మిది పోయాయి.
మిగిలిన రెండింట్లో ఒకదాని మీద ఆమె రాసుకుంది:
"తీయబుద్ధి కాలేదు. ఎందుకో రేపు రాస్తాను."
ఇంకా రాయలేదు.

పని తేలికైందని చెప్పను.
చంద్రుడున్నాడు, ఇసుక ఉంది,
రెండు రోజుల ఆలస్యం ఉంది, త్యాలింగ్ అరచేయి ఉంది.
సముద్రం తన అల్లిక తాను అల్లుకుంది,
కూర్చుని చదువుకోవాలంతే.

గురువారం వాయవ్యపు గాలి లేచింది.
తలుపులు నలభై నిమిషాలు ముందే కదిలాయి.
ఒక రొయ్యల పడవ లోపలికొచ్చింది.
దాని మీది మనిషి రొట్టె నములుతూ
మా కిటికీ వైపు చూడనైనా లేదు.